విడువని బ్రేకు
(హార్బరు పికప్ బండ్లనుగూర్చిన పాఠము)

బండిని నడిపించు ఇంజనునుగూర్చి విద్యార్థులు కుతూహలముతో ప్రశ్నలడుగుదురు. బండిని నిలుపు బ్రేకునుగూర్చి యడుగువారు తక్కువ. ఈ బ్రేకునకు రెండు పనులు కలవు. పెడలుపై కాలు మోపినప్పుడు చక్రమును పట్టుట మొదటిది. కాలు తీసినప్పుడు చక్రమును పూర్తిగా విడుచుట రెండవది. మొదటి పని చెడినయెడల అందఱకును భయము కలుగును. బండి వెంటనే మరమ్మతునకు పోవును. రెండవ పని చెడినను బండి నడచుచునే యుండును గనుక యజమానుడు దానిని లెక్కసేయడు. ఈ రెండవ రోగమును మెకానిక్కులు "బ్రేకు పట్టేసినది" యని చెప్పుదురు. అది ఎట్లు పుట్టును, దానినెట్లు కనుగొనవలెను, ఇంటియొద్ద ఎంతవరకు బాగుచేసికొనవచ్చును అను మూడు విషయములను ఈ పాఠమున వివరింపదలచితిమి.

విశాఖపట్టణపు ఫిషింగ్ హార్బరునొద్ద ఈ రోగము తఱచుగా కానవచ్చును. తెల్లవాఱుజామున మరబోట్లనుండి దిగిన వంజరములు, చందువలు, కానాగంతలు, రొయ్యలు వేలమునకు వచ్చును. పిమ్మట అవి ఐసుతో పెట్టెలకెక్కి, చిన్న పికప్ బండ్లలో ఊరి బజారులకు పోవును. మన విద్యార్థులలో కొందఱి యిండ్ల ముంగిట అట్టి బండ్లు నిలిచియుండును. తండ్రియో అన్నయో సెలవునాడు జాకీయెత్తి చక్రము విప్పుచుండగా పానాలందించు బాలురు మన తరగతులలో కలరు. ఈ పాఠము ముఖ్యముగా వారికొఱకే.

1. బ్రేకు పట్టు విధము, విడుచు విధము

కాలు పెడలును నొక్కగా ఒక మీట ఆ బలమును హెచ్చించి మాస్టరు సిలిండరులోని పిస్టనును నెట్టును. అందలి బ్రేకు ఆయిలు సన్నని గొట్టములగుండ నాలుగు చక్రములకును ఒత్తిడిని గొనిపోవును. మూసియున్న ద్రవము నొకచోట నొక్కినయెడల ఆ ఒత్తిడి అన్నివైపులకును సమానముగా వ్యాపించునని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడగు బ్లేయిజు పాస్కలు 17వ శతాబ్దమున తెలిపెను. ఈ సూత్రమునే యాధారముగా గొని 1795లో ఇంగ్లండునందు జోసెఫు బ్రామా ద్రవపీడన యంత్రమునకు పేటెంటు పొందెను. 1921లో అమెరికాయందు డ్యూసెన్‌బర్గు కారునకు నాలుగు చక్రములందును ఇట్టి బ్రేకులనమర్చిరి.

ఒక చిన్న లెక్క వేయుదము. కాలిబలము 200 న్యూటనులనుకొందము. మీట దానిని 5 రెట్లు చేసినచో 1000 న్యూటనులగును. మాస్టరు పిస్టను వైశాల్యము 4 చదరపు సెంటీమీటర్లైనచో ద్రవములోని ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు 250 న్యూటనులు. చక్రమునొద్దనున్న పిస్టను వైశాల్యము 20 చదరపు సెంటీమీటర్లైనచో దానిపై 5000 న్యూటనుల బలము పడును. ఇదియే పట్టు.

మరి విడుచుటకు బలమెక్కడిది? మన పికప్ బండ్లలో సాధారణముగా ముందు చక్రములకు డిస్కు బ్రేకులును, వెనుక చక్రములకు డ్రమ్ము బ్రేకులును ఉండును. డిస్కు బ్రేకునందు పిస్టను చుట్టును ఒక చదరపు అంచుల రబ్బరు రింగు కలదు. పిస్టను ముందునకు జరిగినప్పుడు ఆ రింగు కొంచెము మెలివడి, ఒత్తిడి పోగానే తన పూర్వరూపము దాల్చుచు పిస్టనును వెనుకకు లాగును. ఆ లాగు దూరము మిల్లీమీటరులో స్వల్పభాగము మాత్రమే. డ్రమ్ము బ్రేకునందు బ్రేకుషూలను స్ప్రింగులు వెనుకకు లాగును. ద్రవము తొట్టిలోనికి మరలిపోవుటకు మాస్టరు సిలిండరునందొక సన్నని రంధ్రము కలదు.

ఇచటనే పాఠమంతటికిని మూలమైన విషయమున్నది. పట్టుటకు మనుష్యుని కాలును, మీటయు, ద్రవమును కూడి వేలకొలది న్యూటనుల బలము నిచ్చుచున్నవి. విడుచుటకు ఒక రబ్బరు రింగును, రెండుమూడు స్ప్రింగులును తప్ప వేఱు సాయము లేదు. కాబట్టి కొంచెము తుప్పుగాని, మురికిగాని చేరినచో పట్టు చెడదు, విడుపు చెడును.

2. సముద్రతీరమున ఈ రోగమేల హెచ్చు?

ఇనుము తుప్పుపట్టుటకు గాలియు నీరును కావలెను. ఉప్పు చేరినచో ఆ పని మిక్కిలి త్వరగా జరుగును. హార్బరు బండికి ఈ మూడును పుష్కలముగా లభించును. ఐసు కరగి చేపల పెట్టెలనుండి కారు ఉప్పునీరు బండి యడుగుభాగమున పడి బ్రేకు సందులలో చేరును. సముద్రపు గాలి తక్కిన పని చేయును.

దీనికితోడు వేట నిషేధ దినములొకటి. తూర్పుతీరమున మరబోట్ల వేటను చేపలు గుడ్లుపెట్టు కాలమున, అనగా ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు నిలిపివేయుదురు. ఆ కాలమున కొన్ని బండ్లు పనిలేక ఇండ్లయొద్ద నిలిచిపోవును. తడిసిన బ్రేకులతో, హ్యాండు బ్రేకు లాగియుంచి, రెండు నెలలు కదలక నిలిచిన బండి వెనుక చక్రములలో లైనింగు డ్రమ్మునకు తుప్పుతో అంటుకొనును. జూన్ నెలలో మరల వేట మొదలైన పిమ్మట బండి కదలును గాని, షూ పూర్తిగా వెనుకకు పోదు.

మేమెఱిగిన యొక బండి విషయమిట్టిదే. నిషేధము ముగిసిన పిదప అది బరువులాగలేకపోవుచుండెను. డీజిలు ఖర్చు హెచ్చెను. ఇంజనులో బలము తగ్గినదని యజమానుడు ఫిల్టరులు మార్పించెను. ఫలము లేకపోయెను. తుదకొకనాడు బరువుతో పల్లమునకు దిగుచుండగా పెడలు మెత్తబడి నేలవఱకు దిగిపోయెను. చిన్న గేరు వేసి, హ్యాండు బ్రేకు మెల్లగా లాగి, దైవానుగ్రహమున ఎవరికిని హాని కలుగకుండ ఆతడు బండిని ప్రక్కకు నిలిపెను. అప్పుడు చూడగా ఎడమ వెనుక చక్రము చేయిపెట్టరానంత వేడిగా నుండెను. బ్రేకు విడువకపోవుటచేత బ్రేకే పోయెనన్నమాట. ఇది యెట్లు సంభవించునో తెలిసికొందము.

3. వేడివలని హాని

ఒక చక్రమున 100 న్యూటనుల రాపిడి యెడతెగక యుండెననుకొందము. బండి 10 కిలోమీటర్లు పోవునప్పటికి ఆ రాపిడివలన 10 లక్షల జౌళ్ల వేడి పుట్టును. 3 లీటర్ల నీటిని 30 డిగ్రీలనుండి మరుగువఱకు కాచుటకు అంతకంటె తక్కువ వేడి చాలును. ఇంజను డీజిలును కాల్చి ఈ వేడిని పుట్టించుచున్నది. యజమానుడు దానికి వెల చెల్లించుచున్నాడు.

ఆ వేడి డ్రమ్మునుండి సిలిండరునకు, సిలిండరునుండి బ్రేకు ఆయిలునకు చేరును. డాట్ 3 అను రకపు క్రొత్త ఆయిలు 205 డిగ్రీలకు తక్కువగా మరుగరాదని నియమము. డాట్ 4 కు 230 డిగ్రీలు. కాని ఈ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనును. తేమ చేరిన పిదప ఆ హద్దులు డాట్ 3 కు 140, డాట్ 4 కు 155 డిగ్రీలకు దిగును. ఆయిలు మరిగినచో గొట్టములలో ఆవిరి బుడగలు పుట్టును. ద్రవము నొక్కిన నణగదు, ఆవిరి యణగును. కాలిబలమంతయు ఆ బుడగలను నొక్కుటకే సరిపోయి చక్రమునకు చేరదు. ఎల్లప్పుడు పట్టుకొనియుండు బ్రేకు అవసరసమయమున పట్టజాలకపోవుటకు కారణమిదియే.

4. గుర్తులు

బండి చదునైన దారిలో తేలికగా దొరలకపోవుట, ఒక ప్రక్కకు లాగుట, కాలిన వాసన, ఒక చక్రము తక్కినవానికంటె మిక్కిలి వేడెక్కుట, కాలు తీసినను వెనుక బ్రేకు దీపము వెలుగుచునే యుండుట, డీజిలు ఖర్చు హెచ్చుట – ఇవి ముఖ్యమైన గుర్తులు. బ్రేకు నెక్కువగా వాడక నాలుగైదు కిలోమీటర్లు నడిపి, దిగి, ఒక్కొక్క చక్రమునకు దగ్గఱగా అఱచేయి నుంచి చూడవలెను. తాకరాదు, కాలును.

5. కారణమును కనుగొను క్రమము

పానా చేతబట్టుటకు ముందు రెండు ప్రశ్నలు వేసికొనవలెను.

మొదటి ప్రశ్న: ఎన్ని చక్రములు పట్టినవి? నాలుగును పట్టినచో దోషము పెడలునొద్దగాని, మాస్టరు సిలిండరునొద్దగాని యుండును. వెనుక రెండును పట్టినచో హ్యాండు బ్రేకు తీగెను, వెనుక ఇరుసునకు పోవు రబ్బరు గొట్టమును అనుమానింపవలెను. ఒక్కటియే పట్టినచో దోషము సాధారణముగా ఆ చక్రమునొద్దనే, లేక దానికి పోవు గొట్టమునందే యుండును.

దీనిని తెలిసికొనుటకు చక్రములనెత్తి చేతితో త్రిప్పవలెను. బండిని గట్టి చదునైన నేలపై నిలుపవలెను. ఇసుకనేలయైనచో జాకీ క్రింద మందమైన పలక వేయవలెను. నేలనుండు చక్రములకు ముందు వెనుకల చెక్క దిమ్మలు పెట్టవలెను. వెనుక చక్రములను పరీక్షించునప్పుడు హ్యాండు బ్రేకు వదలవలసియుండును గనుక ఈ దిమ్మలే ఆధారము. చక్రపు నట్లను బండి నేలనుండగానే కొంచెము వదులుచేయవలెను. ఎత్తిన పిదప ఇనుప స్టాండ్లపై నిలుపవలెను. జాకీ ఒక్కదానిని నమ్మి, లేక ఇటుకలు పేర్చి, బండి క్రింద దూరుట ప్రాణాపాయము.

రెండవ ప్రశ్న: చక్రమును పట్టియుంచినది లోపల చిక్కుకొన్న ఒత్తిడియా, తుప్పుపట్టిన యినుమా? దీనికొక చక్కని పరీక్ష కలదు. చక్రము పట్టియున్న స్థితిలోనే దాని బ్లీడరు స్క్రూకు సన్నని గొట్టము తొడిగి, రెండవ కొనను సీసాలో నుంచి, స్క్రూను కొంచెము వదులుచేయవలెను. కంటికి అద్దములుండవలెను. ఆయిలు చిమ్మి చక్రము వదులైనచో అది చిక్కుకొన్న ఒత్తిడి. ఆయిలు మెల్లగా కారి చక్రము బిగువుగనే యున్నచో అది తుప్పు, లేక హ్యాండు బ్రేకు.

ఒత్తిడియని తేలినచో అది యెచట చిక్కినదో చూడవలెను. మరల పెడలు నొక్కి విడిచి, చక్రము పట్టిన పిదప, ఈసారి మాస్టరు సిలిండరునొద్దనున్న గొట్టపు కీలును వదులుచేయవలెను. అందుచేత చక్రము వదులైనచో దోషము మాస్టరు సిలిండరునందో, దానికి ముందున్న పెడలునందో కలదు. అచట వదులుచేసినను పట్టియుండి, చక్రమునొద్ద బ్లీడరు విప్పినప్పుడు మాత్రమే విడిచినచో దోషము నడుమనున్న రబ్బరు గొట్టమునందున్నది. పాతబడిన గొట్టము పైకి బాగుగనే కనబడును. లోపల ఉబ్బి సందు మూసికొనిపోవును. కాలిబలము పెద్దది గనుక ఆయిలును చక్రమువైపునకు నెట్టగలదు. మరలివచ్చు బలము చిన్నది గనుక ఆయిలు వెనుకకు రాలేదు.

6. చికిత్స

(అ) డ్రమ్ము. డ్రమ్ము రానిచో మొదట హ్యాండు బ్రేకు వదలి, షూ సర్దు చక్రమును వెనుకకు త్రిప్పవలెను. కొన్ని డ్రమ్ములకు మరలుగల రెండు రంధ్రములుండును. వానిలో బోల్టులు సమముగా బిగించినచో డ్రమ్ము వెలికివచ్చును. సుత్తితో అంచున మోదినచో పోతయినుము విఱుగును. లోపలి దుమ్మును నోటితో ఊదరాదు. పాత లైనింగులలో రాతినార యుండవచ్చును, అది ఊపిరితిత్తులకు హాని. తడిగుడ్డతో, లేక బ్రేకు క్లీనరుతో తుడువవలెను. షూ వెనుకపలకపై జాఱుచోట్ల తుప్పు గీకి, బ్రేకులకు తగిన వేడికోర్చు గ్రీజు మిక్కిలి పలుచగా పూయవలెను. సాగిన స్ప్రింగును మార్చవలెను. చక్రపు సిలిండరు రబ్బరుతొడుగు నెత్తిచూచినప్పుడు లోపల తడియున్నచో సిలిండరు కారుచున్నదని గ్రహింపవలెను.

(ఆ) డిస్కు. కాలిపరు జాఱు పిన్నులు చేతితో సులభముగా కదలవలెను. కదలనిచో తీసి, శుభ్రపఱచి, సిలికాను బ్రేకు గ్రీజు పూయవలెను. పిస్టనును బిగింపుపట్టుతో మెల్లగా వెనుకకు నెట్టిచూడవలెను; ఆ సమయమున మాస్టరు సిలిండరు తొట్టి పొంగకుండ చూచుకొనవలెను. పిస్టనుపై తుప్పు గుంటలు పడియున్నచో గీకి మరల పెట్టరాదు, మార్చవలెను. కాలిపరును గొట్టమునకు వ్రేలాడదీయరాదు, తీగెతో కట్టియుంచవలెను.

(ఇ) రబ్బరు గొట్టము. దీనికి మరమ్మతు లేదు. క్రొత్తది వేయవలెను. ఒకవైపు చెడినప్పుడు రెండవవైపుదియు అదే వయస్సుది గనుక జతగా మార్చుట మేలు.

(ఈ) హ్యాండు బ్రేకు తీగె. ఉప్పునీరు తొడుగులో చేరి తీగె బిగిసికొనును. మీట దించినను చక్రమునొద్ద చేయి వెనుకకు రాకున్నచో తీగెను మార్చవలెను.

(ఉ) పెడలు, మాస్టరు సిలిండరు. పెడలునకు కొంచెము ఖాళీ ఆట యుండవలెను. అది లేనిచో మాస్టరు పిస్టను పూర్తిగా వెనుకకు రాక, తొట్టిలోనికి పోవు సన్నని రంధ్రము మూసికొనియుండును. బ్రేకు దీపపు స్విచ్చి ముందునకు జరిగియుండుట, బూస్టరులోని త్రోపుడుకడ్డీ పొడవగుట దీనికి కారణములు. మాస్టరు సిలిండరును బూస్టరునకు బిగించిన రెండు నట్లను కొంచెము వదులుచేయగానే చక్రములు విడిచినచో దోషము ఆ కడ్డీవైపుననే కలదని తెలియును.

ఆయిలు గొట్టమును విప్పిన ప్రతిసారియు గాలి పోవువఱకు బ్లీడింగు చేయవలెను. మూతదీసియుంచిన పాత డబ్బాలోని ఆయిలును వాడరాదు.

7. చేయరాని పనులు

హార్బరునొద్ద బోటు ఇంజనుల ఆయిలును డీజిలును సులభముగా దొరకును. వానిని ఒక్క చుక్కయైనను బ్రేకు తొట్టిలో పోయరాదు. అవి రబ్బరును ఉబ్బించును. నాలుగు చక్రములును పట్టివేయును. అటుపిమ్మట రబ్బరు భాగములన్నియు మార్చవలసివచ్చును. ఎఱ్ఱగా కాగిన డ్రమ్ముపై నీళ్లు పోయరాదు, పగులును. లైనింగునకు గ్రీజు తగులనీయరాదు.

అన్నిటికంటె ప్రమాదకరమైన పని మఱియొకటి కలదు. చక్రము పట్టుచున్నదని షూను మిక్కిలి వదులుచేసి, "ఇప్పుడు బాగుగా దొరలుచున్నది" అని తృప్తిపడుట. అది రోగమును పోగొట్టుటకాదు, రోగము చెప్పుచున్న నోటిని మూయుట. గొట్టమును బాగుచేయక షూను సడలించినవాని బండి రెండవనాడు మరల పట్టును. లేక అవసరమునకు నిలువదు.

8. పని ముగిసిన పిదప

చక్రములను చేతితో త్రిప్పిచూడవలెను. పెడలును గట్టిగా నొక్కి ఒక నిమిషముంచవలెను, దిగిపోరాదు. జనులు లేని చదునైన చోట బరువులేక, మెల్లగా నడిపి, రెండుమూడుసార్లు నిలిపిచూడవలెను. నాలుగైదు కిలోమీటర్లు నడిపి చక్రముల వేడిని మరల పరిశీలింపవలెను. చక్రపు నట్ల బిగువును ఆ పిదప ఇంకొకసారి చూడవలెను. పెడలు మెత్తగానున్నను, ఆయిలు కారుచున్నను, చక్రములు జాఱకుండ కాపాడు ఎలెక్ట్రానిక్ సాధనము గల బండియై దాని హెచ్చరిక దీపము వెలిగినను ఇంటిపని అచటితో మానవలెను. అనుభవముగల మెకానిక్కును పిలుచుట సిగ్గుపడవలసిన విషయము కాదు.

రోగము రాకుండ కాపాడుకొను ఉపాయములు సులభములే. సరకు దింపిన పిదప బండి యడుగును మంచినీటితో కడిగి, కొంచెము నడిపి, బ్రేకును రెండుమూడుసార్లు మెల్లగా వేసి ఆఱబెట్టవలెను. ఆయిలును తయారుచేసినవారు చెప్పిన గడువునకు మార్చవలెను. నిషేధ దినములలో బండిని చదునైన నేలపై గేరులో నుంచి, చక్రములకు దిమ్మలు పెట్టి, హ్యాండు బ్రేకు వదలియుంచవలెను. వారమునకొకసారి కదల్చవలెను. దిమ్మలు లేకుండ హ్యాండు బ్రేకు వదలుట మాత్రము ఎన్నటికిని కూడదు.

విద్యార్థులారా! బ్రేకు యజమానునికంటె దారినిపోవు పొరుగువానికే ఎక్కువగా ఉపకరించును. తెల్లవాఱకమునుపే తట్ట నెత్తిపై పెట్టుకొని హార్బరు దారిని దాటు స్త్రీకి ఆ బండి యెవరిదో తెలియదు. దాని బ్రేకు ఆయిలు ఎన్నేండ్లదో తెలియదు. ఆమె మనలను నమ్మి దారి దాటుచున్నది. మన ప్రభువు తన మొదటి శిష్యులను చేపలుపట్టువారిలోనుండి పిలిచెను. అట్టివారి నడుమ నివసించు మనము వారి ప్రాణములను గౌరవింపవలదా? ఇంటనున్న బండి చక్రమును ఈ వారమే ఒకసారి త్రిప్పిచూడుడు.

ప్రశ్నలు

1. తుప్పు పట్టినప్పుడు బ్రేకు పట్టు చెడకముందే విడుపు చెడుటకు కారణమేమి?
2. కాలిబలము 150 న్యూటనులు, మీట 5 రెట్లు, మాస్టరు పిస్టను 3 చదరపు సెంటీమీటర్లు, చక్రపు పిస్టను 18 చదరపు సెంటీమీటర్లు. చక్రమునొద్ద బలమెంత?
3. ఒక బండికి కుడి ముందు చక్రము మాత్రమే పట్టినది. బ్లీడరు విప్పగానే విడిచినది. మాస్టరు సిలిండరునొద్ద కీలు విప్పినప్పుడు విడువలేదు. దోషమెచట?
4. తేమ చేరిన బ్రేకు ఆయిలు పల్లపుదారిలో అపాయకరమగుటేల?